నేను ఎంచుకున్న ఊరు

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఒక మనిషిని నమ్మి చెప్పాను, చాలు. ఇటలీలో, కొండ మీద, చుట్టూ పాత రాతిగోడ ఉన్న ఒక చిన్న ఊరు అనుకోండి. అట్లాంటి ఊళ్లు ఆ దేశంలో ఎన్ని ఉన్నాయో లెక్క లేదు. వాటిలోంచి ఒకదాన్ని, చిత్తూరులో మా ఇంటి నడిమి గదిలో గచ్చు మీద మ్యాపు పరుచుకుని, నేను ఎంచుకున్నాను. ఈ సంగతి ఎత్తినప్పుడల్లా మా పిల్లలు అమ్మకు ఇంకా కోపం పోలేదని నవ్వుతారు. నిజమే, పోలేదు. ఎందుకు పోవాలో కూడా నాకు తెలియదు.

నేను పుట్టింది తిరుపతిలో, అలిపిరి పోయే దారిలో. పెళ్లయ్యాక చిత్తూరు వచ్చి ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరాను. డ్రాయింగ్ టీచరంటే స్కూల్లో ఎవరికీ లెక్క లేదు. ఎవరి పాఠం పూర్తి కాకపోయినా మా పీరియడే లాక్కునేవారు. సైన్సు టీచరుకు కప్ప బొమ్మ చార్టు కావాలన్నా, హెడ్మిస్ట్రెస్ ఇంట్లో పెళ్లికి పందిట్లో ముగ్గు కావాలన్నా, వార్షికోత్సవానికి స్టేజి వెనక తెర కావాలన్నా మేమే గీయాలి. గీశాక, ఎవరు గీశారని అడిగేవాళ్లు ఉండరు.

రెండోసారి నేను కడుపుతో ఉన్నప్పుడు అట్లాంటి తెర ఒకటి గీశాను. శేషాచలం కొండలు, వాటి మీద పొద్దున్నే పట్టే మంచు. పెద్ద గుడ్డ. స్టూలు ఎక్కి దిగి, ఎక్కి దిగి, నడుము విరిగిపోయేట్టు గీశాను. వార్షికోత్సవం నాడు జిల్లా అధికారి భార్య ముఖ్య అతిథి. ఆమె ఆ తెర చూసి, గీసిన టీచరును పిలవమని అడిగిందట. హెడ్మిస్ట్రెస్ తెర పక్కకు వచ్చి నాతో అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"నువ్వు ఎక్కొద్దులేమ్మా స్టేజి. ఫొటోలు తీస్తా ఉండారు. ఈ కడుపేసుకొని నిలబడితే బాగుండదు."

నేను లేనని, ఆరోజు సెలవు పెట్టానని మైకులో చెప్పారు. నేను తెర వెనకే, ఆ కొండలకు వెనక వైపున, ఒక ఇనుప కుర్చీలో కూర్చుని ఆ మాట విన్నాను. మా ఆయన వచ్చి రిక్షాలో ఇంటికి తీసుకుపోయాడు. దారిలో ఏమైందని అడిగాడు, చెప్పాను. పోనీలే, ఆమెకు తెలిసింది అంతే అన్నాడు. ఆ 'పోనీలే' మీద కూడా నాకు కోపం వచ్చింది.

బిడ్డ పుట్టాక కాన్పు సెలవులో తిరుపతిలో అమ్మ దగ్గర ఉన్నప్పుడు మొదటిసారి ఆ బొమ్మను చూశాను. ఊళ్లో ఒక కాలేజీ లైబ్రరీలో ఎవరో దానం చేసిన పెద్ద పెద్ద బొమ్మల పుస్తకాలు ఒక బీరువా నిండా ఉండేవి. దాని తాళంచెవి చరిత్ర పాఠం చెప్పే ఒక లెక్చరరు దగ్గర ఉండేది. ఆయన పత్రికల్లో కళల గురించి వ్యాసాలు రాసేవాడు, ఊళ్లో ఏ సభ జరిగినా ఆయన మాట్లాడాల్సిందే. బయటివాళ్లు ఆ పుస్తకాలు చూడాలంటే ఆయన అనుమతి కావాలి. నాకు సంతోషంగానే ఇచ్చాడు. చిత్తూరు నుంచి ఒక డ్రాయింగ్ టీచరు వచ్చి పుస్తకాలు చూస్తానని అడగడం ఆయనకు ముచ్చటగా అనిపించినట్టుంది.

ఆ పుస్తకాల్లో ఒకదాంట్లో ఉంది ఆమె. కడుపుతో ఉన్న మరియమ్మ, ఏసు తల్లి. గోడ మీద నాలుగైదు వందల ఏళ్ల కిందట వేసిన బొమ్మ. రెండు వైపులా ఇద్దరు దేవదూతలు డేరా గుడ్డను పక్కకు లాగి పట్టుకుని ఉంటారు. మధ్యలో ఆమె నిలబడి ఉంటుంది. నీలం గౌను ముందువైపు బిగుతై విచ్చుకుంది, ఆ విచ్చుకున్న చోట ఒక చెయ్యి పెట్టుకుంది. రెండో చెయ్యి నడుము మీద. నెలలు నిండిన ఆడది బస్టాండులో నిలబడితే ఎట్లా నిలబడుతుందో అట్లా. ఎవరికీ జవాబు చెప్పుకునే ముఖం కాదు ఆమెది. తెరలు పక్కకు తీసి, ఇదిగో చూడండి అని ఆమె కడుపును లోకానికి చూపిస్తున్నారు. నన్ను తెర వెనక కూర్చోబెట్టి ఇంకా ఏడాది కాలేదు. ఆ పేజీ ముందు కూర్చుని ఏడవలేదు కానీ, పుస్తకం మూయమని లైబ్రరీ మనిషి వచ్చి చెప్పేదాకా లేవలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు, ఎనభైలు మొదలైన కాలంలో, మద్రాసులోని ఒక సంస్థ వాళ్లు కళలు నేర్పేవాళ్లను, వాటి గురించి రాసేవాళ్లను ఏటా ఇద్దరిని నెల రోజుల పాటు ఇటలీకి పంపుతారని తెలిసింది. షరతు ఒకటే. పెద్ద నగరాలు కాకుండా ఏదైనా ఒక చిన్న పాత ఊరిని ఎంచుకోవాలి, నెలంతా అక్కడే ఉండి అక్కడి కళను చూడాలి, ఆ ఊరే ఎందుకో కమిటీ ముందు చెప్పాలి. ఈ షరతు నాకోసమే పెట్టారనిపించింది.

అయినా తొందరపడలేదు. వీలైనప్పుడల్లా శనివారం మధ్యాహ్నం బస్సెక్కి తిరుపతి పోయేదాన్ని. పుస్తకాలు చూసి, ఊళ్ల పేర్లు రాసుకుని, ఇంటికి వచ్చి మ్యాపులో వెతికేదాన్ని. మొదట ఎత్తయిన బురుజుల ఊరు ఒకటి నచ్చింది. ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది. చదివితే, అవన్నీ డబ్బున్న కుటుంబాలు ఒకరి మీద ఒకరు పోటీపడి కట్టుకున్నవట. పక్కింటివాడు మిద్దె వేశాడని తన మిద్దె మీద ఇంకో మిద్దె వేసేవాళ్లను మా వీధిలోనే చూస్తున్నాను, దానికి ఇటలీ పోనక్కర్లేదనుకున్నాను. తర్వాత ఒక గొప్ప సాధువు పుట్టిన ఊరు. అక్కడ గుడి గోడల నిండా బొమ్మలే. కళ కోసం పోయేవాళ్లు ఎవరైనా మొదట చెప్పే పేరు అదే. చివరికి మరియమ్మ ఉన్న ఊరు. చూడటానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఒక చర్చి, సభలు జరిపే ఒక పాత గదిలో కొన్ని గోడబొమ్మలు, ఊరి బయట శ్మశానం పక్కన ఒక చిన్న గుడిలో ఆమె. అంతే. మనసు మొదటి నుంచీ అక్కడే ఉంది. కానీ మనసు చెప్పిందని కమిటీకి చెప్పలేను కదా. అందుకే అన్నీ చూసి, అన్నిటితో పోల్చి, కారణాలు వెతుక్కుని మరీ ఎంచుకున్నాను.

లెక్చరరుకు ఈ సంగతి తెలిసి ఒక శనివారం ఇంటికి పిలిచాడు. ఆయన భార్య కాఫీ ఇచ్చి లోపలికి పోయింది. నేను ఏ ఊరనుకుంటున్నానో అడిగాడు. చెప్పాను.

"ఆ ఊరికి ఎవరు పోతారమ్మా? నీకు ఆ సాధువు ఊరే సరిపోతాది. తిరుపతి నుంచి వచ్చినానని చెప్పు, క్షేత్రం నుంచి క్షేత్రానికి పోతా ఉండానను. కమిటీకి ఇట్టే నచ్చుతాది."

"సార్, నేను కొండ కింద పుట్టినదాన్ని. జరగండి జరగండి అంటా ఉంటే పుట్టినప్పటినుంచీ జరుగుతానే ఉండాను. ఒక్క బొమ్మ ముందర నన్ను ఎవురూ జరగమనని చోటు కావల్ల నాకు."

ఆయన నవ్వి, సరే, ఆ ఊరే ఎందుకో కమిటీకి చెప్పినట్టు నాకు చెప్పు, ఎట్లా ఉందో చూస్తాను అన్నాడు. నేను అంతా చెప్పాను. బురుజుల ఊరు ఎందుకు వద్దనుకున్నానో, నీలం గౌను, విచ్చుకున్న చోట చెయ్యి, పక్కకు తీసిన తెర. స్కూలు స్టేజి సంగతి, తెర వెనక కుర్చీ సంగతి కూడా చెప్పాను. మా అమ్మకు కూడా చెప్పని మాటలు అవి. ఆయన కళ్లు సగం మూసుకుని శ్రద్ధగా విన్నాడు. చాలా బాగా చెప్పినావమ్మా, ఇదే చెప్పు, ఇట్లనే చెప్పు అన్నాడు. ఆరోజు బస్సులో చిత్తూరు వచ్చేదాకా నా కాళ్లు నేల మీద లేవు.

తాను కూడా దరఖాస్తు పెట్టుకున్నానని ఆయన చెప్పలేదు.

మద్రాసుకు మా ఆయన తోడు వచ్చాడు. పిలిచేదాకా వసారాలో బెంచీ మీద కూర్చున్నాం. తలుపు తీసుకుని మా లెక్చరరు ముఖం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగాడు. మా ఆయన భుజం తట్టి, మీరూ వచ్చినారా, మంచిది మంచిది అని గబగబా మెట్లు దిగిపోయాడు. ఆయన అక్కడెందుకున్నాడో నాకు తట్టలేదు. కమిటీలో ఉన్నాడేమో, నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పి ఉంటాడనుకుని సంతోషపడ్డాను కూడా.

లోపల ముగ్గురు. మధ్యలో ఒక పెద్దాయన, అటు ఒకాయన, ఇటు తెల్ల జుట్టు, ఖద్దరు చీరతో ఒక ముసలామె. ఆమె చిత్రకారిణి అని తర్వాత తెలిసింది. ఏ ఊరు అని అడిగారు. చెప్పాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన నవ్వి, మీ జిల్లా వాళ్లందరికీ ఆ ఊరంటే అంత ఇష్టమా, ఇప్పుడే ఒకాయన అదే చెప్పి వెళ్లాడు అన్నాడు. అప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. నా కారణాలు మొదలుపెట్టాను. బురుజుల ఊరు ఎందుకు వద్దన్నానో చెబుతుంటే పక్కాయన తల దించుకుని ముసిముసిగా నవ్వుతున్నాడు. స్టేజి సంగతి దగ్గరికి వచ్చేసరికి ముసలామె చెయ్యెత్తి ఆపింది.

"ఇది ఆయన భార్యకు జరిగిందని చెప్పాడే ఆయన," అంది.

ఆయన భార్య జన్మలో ఉద్యోగం చేయలేదు. ఏ స్టేజీ ఎక్కబోలేదు, ఏ తెర వెనకా కూర్చోలేదు. నాకు కాఫీ ఇచ్చి లోపలికి పోయిన మనిషి ఆమె. నా ఊరిని తీసుకున్నాడు, కారణాలు తీసుకున్నాడు, అవి చాలక నా కడుపును కూడా తీసుకుని తన భార్యకు తగిలించాడు.

నాకు వచ్చిన ఇంగ్లీషు అంతా ఎటో పోయింది. అది నాకు జరిగింది, ఆ మాటలు నావి, ఆయనకు చెప్పింది నేనే అని తెలుగూ ఇంగ్లీషూ కలిపి అన్నాను. పెద్దాయన చెయ్యి ఊపి, ఒకే లైబ్రరీలో చదువుకున్నవాళ్లకు ఒకే ఆలోచన రావడం సహజమే, ఇందులో తప్పేమీ లేదు అన్నాడు. నేనే కాపీ కొట్టి దొరికిపోయినట్టూ, ఆయన నన్ను పెద్ద మనసుతో వదిలేస్తున్నట్టూ ఉంది ఆ గొంతు. తర్వాత ఒక మాట అన్నాడు. ఇద్దరినీ ఒకే ఊరికి పంపలేం, ఆ ఊరు ఆయనకు ఇచ్చేశాం, నువ్వు సాధువు ఊరికి పోతానంటే రెండో చోటు నీకే ఇస్తాం, ఇప్పుడే చెప్పు అన్నాడు.

ఇటలీ నా చేతిలో ఉంది. ఊరు మార్చుకుంటే చాలు. వాకిట్లో నా దొంగ మెట్లు దిగి పోయాడు, నేను ఇక్కడ కూర్చుని సరేనండీ, వాడు వదిలేసింది ఇవ్వండి అనాలి. వద్దన్నాను. కారణం అడిగారు. నేను ఎంచుకున్నది ఆ ఊరే అని చెప్పి బయటికి వచ్చేశాను.

మా ఆయన సంగతి విని బెంచీ మీద కూలబడ్డాడు.

"ఒప్పుకోకపోతివా? ఏ ఊరైతే ఏమి మే, ఇటలీ ఇటలీనే గదా. ఈ జన్మలో మళ్లా వస్తాదా ఇట్లాంటిది?"

బస్సులో రాణీపేట దాటేదాకా ఆయన అదే మాట తిప్పి తిప్పి అన్నాడు. తర్వాత మాటలు మానేశాడు. అది ఇంకా కష్టంగా ఉండింది. ఇంట్లో, స్కూల్లో, తిరుపతిలో అందరికీ నేను పిచ్చిదాన్నయ్యాను. నువ్వెందుకు ఆయనకు చెప్పినావు, నోరు మూసుకొని ఉండాల్సింది గదా అన్నారు. ఆ మాట నేను ఎన్నడూ ఒప్పుకోలేదు. అడిగిన మనిషికి చెప్పడం నా తప్పెట్లా అవుతుంది? తీసుకున్నవాణ్ణి వదిలేసి, చెప్పినదాన్ని పట్టుకున్నారు. మా అమ్మైతే, మొగుణ్ణీ పిల్లోళ్లనూ వదిలిపెట్టి పోకుండా స్వామే ఆపినాడని తలనీలాలు ఇచ్చి వచ్చింది. ఆమెతో నేను చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

లెక్చరరు పోయాడు, వచ్చాడు. తిరుపతిలో ఒక హాల్లో స్లైడ్లు వేసి ప్రసంగం ఇస్తాడని పోస్టర్లు వేశారు. పోవద్దని మా ఆయన అన్నాడు. పోతానన్నాను. అయితే నేనూ వస్తా, నువ్వు యాడ ఏం మాట్లాడతావో అని వెంట వచ్చాడు.

హాలు నిండిపోయింది. తెర మీద రోము, నీళ్ల మీద పడవల ఊరు, వాలిన గోపురం, వాటన్నిటి ముందూ కోటు వేసుకుని ఆయన. ఒక నెల ఒక చిన్న ఊళ్లో ఉండమని పంపితే ఈయన దేశమంతా తిరిగాడు. నా ఊరు వచ్చేసరికి రెండే స్లైడ్లు. ఒకటి ఊరి గోడ. ఇంకొకటి ఆమె, కొంచెం వంకరగా, మసకగా. దాన్ని తెర మీద అట్లాగే ఉంచి, గొంతు తగ్గించి, నా భార్య కడుపుతో ఉన్నప్పుడు ఏం జరిగిందంటే అని మొదలుపెట్టాడు. కొండల తెర, ఇనుప కుర్చీ, సెలవు పెట్టిందని మైకులో చెప్పడం. అన్నీ. ముందు వరసలో ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఆయన భార్య ఆ వరసలోనే కూర్చుని ఉంది. తల వంచుకుని ఉంది. ఆమెను చూసి జాలిపడాలో కోప్పడాలో తెలియలేదు.

నేను లేవబోయాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆపడానికని అనుకున్నాను. చూస్తే ఆయనే సగం లేచి ఉన్నాడు. ఆ రోజు రిక్షా తెచ్చింది ఆయన. తెర వెనక ఆ కుర్చీలోంచి నన్ను లేపింది ఆయన. మద్రాసులో నేను ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు, ఏదో ఊరి పేరు గురించి పట్టుదల అనుకున్నాడు. ఇప్పుడు తన చెవులతో వింటున్నాడు. చప్పట్లు మొదలవకముందే నన్ను లేపి బయటికి తీసుకువచ్చాడు. వీధి చివరిదాకా గబగబా నడిచాడు. తర్వాత నిలబడిపోయాడు.

"అది మన కథ గదా మే," అన్నాడు.

"మన కథ కాదు. నా కథ," అన్నాను.

ఆయన తల ఊపాడు. నీ కథే అన్నాడు. మళ్లీ దరఖాస్తు పెట్టమన్నది ఆయనే.

వెంటనే పెట్టలేకపోయాను. అత్త జబ్బు పడింది, తర్వాతి ఏడాది బిడ్డకు టైఫాయిడ్. ఆ తర్వాత పెట్టాను. ఊరు అదే. మాటలు అవే. కొత్త కారణాలు వెతకలేదు, వాక్యం కూడా మార్చలేదు. ఎవరో వాడి పారేశారని నా మాటల్ని నేనెందుకు వదులుకోవాలి? కమిటీలో ఆ పెద్దాయన లేడు. ముసలామె ఉంది, గుర్తుపట్టింది. ఊరు మార్చలేదా అని అడిగింది. లేదన్నాను. ఈసారి ఇంగ్లీషు ముందే సిద్ధం చేసుకుని పోయాను. మీరు పోయినసారి పంపిన మనిషి నా జీవితంలో జరిగిన సంగతిని తన భార్యదని మీకు చెప్పాడు, మీరు నమ్మారు, నన్ను నమ్మలేదు, ముందు ఆ సంగతి తేల్చి తర్వాత ఊరి గురించి అడగండి అన్నాను. పక్కన కొత్తగా వచ్చినాయన ఇబ్బందిగా కదిలాడు. ముసలామె కళ్లజోడు తీసి తుడుచుకుంది. క్షమించమని అనలేదు. ఆ బొమ్మలో దేవదూతలు ఇద్దరూ ఒకేలా ఎందుకుంటారని అడిగింది. గీసినవాడు ఒకే గీతను తిరగేసి వేసి ఉంటాడు, మేము ముగ్గుల్లో చేసేదే అన్నాను. నెల తిరక్కుండా పంపుతున్నామని కబురు వచ్చింది. అమ్మ కందిపొడి, చింతకాయ తొక్కు కట్టి ఇచ్చింది, ఏడుస్తూ.

అక్కడికి పోయాక జరిగిందే నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది.

శ్మశానం పక్కన ఆ చిన్న గుడి మా ఊరి పొలిమేర గుడి అంతే ఉంది. దగ్గరి ఇంట్లో ఒకామె దగ్గర తాళం. ఆమె తలుపు తీసి పక్కకు నిలబడింది. మరియమ్మ ఎదురుగా ఉంది. నేను అనుకున్నదానికంటే పెద్దగా, రంగు అక్కడక్కడా పోయి. ఇన్నేళ్లు ఎదురుచూసిన ముఖం. నాకు ఏమీ అనిపించలేదు. లెక్చరరు ఎక్కడ నిలబడి ఫొటో తీసి ఉంటాడు, ఈ గుమ్మంలోనా, ఆ మూలలోనా అని వెతుకుతున్నాను. తాళం ఆమె నా చీర చూసి, చేతులతో కోటు చూపించి, ఫొటో తీస్తున్నట్టు చూపించి, బయట కారు ఆగి ఉన్నట్టు, ఆయన మళ్లీ ఎక్కి పోయినట్టు చూపించింది. మీ దేశం మనిషే అన్నట్టు నవ్వింది. నేను తలుపు దగ్గరి నుంచే తిరిగి వచ్చేశాను.

మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. బొమ్మ చూద్దామని పోతాను, ఆయన గొంతు వినిపిస్తుంది. నా భార్య కడుపుతో ఉన్నప్పుడు. వేల మైళ్లు వచ్చి, ఎవరూ జరగమనని చోట నిలబడితే, ఆ మనిషి నా కళ్లకూ ఆమెకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. గదికి వచ్చి తలుపేసుకుని, కందిపొడి అన్నం తింటూ కోపంతో ఏడ్చాను. నన్ను పోనివ్వకుండా ఆపింది చాలక, వచ్చాక కూడా చూడనివ్వలేదు.

ఒక వారం గడిచాక, పొద్దున్నే పోయి గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాను. ఆ ఊరి పిల్ల ఒకతి వచ్చింది. నెలలు నిండిన కడుపు, చేతిలో కూరగాయల సంచి. కడుపుతో ఉన్నవాళ్లు అక్కడికి వచ్చి మొక్కుకుంటారని నేను చదివి ఉన్నాను. సంచి కింద పెట్టి, మొక్కుకుని, తర్వాత పోకుండా నా పక్కన కూర్చుని ఆయాసం తీర్చుకుంది. కాళ్లు చూపించింది, చెప్పులు పట్టనంత వాచి ఉన్నాయి. నాకూ రెండో కాన్పుకు అట్లాగే వాచాయి. నాకు తెలిసిన మందు ఉప్పునీళ్లు. చేతులతో చెప్పాను, అర్థమైందో లేదో తల ఊపింది. ఇద్దరం చాలాసేపు అట్లా కూర్చున్నాం. ఆమె లేచి పోయాక తల ఎత్తి చూస్తే బొమ్మ కనిపించింది. అప్పుడే మొదటిసారి కనిపించింది. గౌను విచ్చుకున్న చోట లోపలి తెల్లగుడ్డ, దాని మీద వేళ్లు ఎంత తేలిగ్గా ఆనాయో. కనురెప్పలు బరువుగా వాలి ఉన్నాయి. ఆమెకు నా కోపంతో పని లేదు, ఆయన అబద్ధంతోనూ పని లేదు. ఆ రోజు నుంచి నెలాఖరు దాకా రోజూ పోయాను, గీశాను. ఎవరూ జరగమనలేదు.

తిరిగొచ్చాక సభలు ఏమీ జరగలేదు. స్కూల్లో మళ్లీ కప్ప బొమ్మలే. క్లాసులో పిల్లలకు మాత్రం నా గీతలు చూపించి ఆమె గురించి చెప్పేదాన్ని, స్టేజి సంగతితో సహా. అప్పటికి ఆ హెడ్మిస్ట్రెస్ రిటైరైపోయింది.

ఒకనాడు తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు కోసం నిలబడి ఉంటే లెక్చరరు ఎదురుపడ్డాడు. ఆయన ఇటలీ పుస్తకం అప్పటికే అచ్చయింది, దండలు పడ్డాయి. నన్ను చూసి నిజంగానే సంతోషంగా దగ్గరికి వచ్చాడు.

"పోయొచ్చినావంట గదమ్మా. ఎట్లుండింది ఊరు? నేను మొదుటే చెప్పినాను గదా నీకు, ఆ ఊరే బాగుంటాదని."

ఆయన ముఖం చూశాను. ఆడుతున్న అబద్ధం కాదది. నిజంగానే అట్లా గుర్తుంది ఆయనకు. తానే నాకు దారి చూపించాడు, నేను పోయి వచ్చాను, ఇప్పుడు ఆ సంతోషంలో తన వంతు తీసుకోవడానికి వచ్చాడు.

"సార్, ఆ ఊరు మీకు చెప్పింది నేను. మీరు దొంగతనం చేసినారు. ఊరినీ దొంగిలించినారు, నాకు జరిగినదాన్నీ దొంగిలించినారు. మీ ఇంట్లో ఆమెకు తెలుసు, అడగండి."

గొంతు తగ్గించలేదు. బస్సు కోసం ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. నీకు ఒంట్లో బాగాలేనట్టుంది అమ్మా అన్నాడు. గడియారం చూసుకున్నాడు, గూడూరు బస్సు వచ్చే వేళైందని అటు పోయాడు. నేను నా బస్సెక్కి కూర్చున్నాను. ముఖం మీదే అనేస్తే మనసు తేలికపడుతుందని చదివాను, విన్నాను. నాకేమీ తేలిక పడలేదు. ఇంకా అనాల్సినవి ఎన్నో గుర్తుకొస్తున్నాయి.

నా పక్కన ఒక రైతు ఇంటి ఆమె వచ్చి కూర్చుంది, ఒళ్లో వంకాయల బుట్ట. బస్సు కదిలాక మెల్లగా అడిగింది.

"ఏం దొంగిలించినాడు మ్మా ఆయప్ప?"

"ఊరు."

"ఊరినా? ఊరిని ఎట్ల దొంగిలిస్తారు?"

మొదటినుంచీ చెప్పాను. చంద్రగిరి దాటాం. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా పోనీలే అనలేదు. ఆ బొమ్మలో ఆమెకు ఎన్నో నెల అని అడిగింది, నిండినట్టే ఉంది అన్నాను. హెడ్మిస్ట్రెస్ మాట చెప్పినప్పుడు ఛీ అంది. నా కథ ఈనాటి బస్టాండు గొడవ దాకా రాకముందే ఆమె దిగాల్సిన పనపాకం వచ్చింది. ఆమె బుట్ట ఎత్తుకుని దిగి, కిటికీ కింద నిలబడి నా వైపు చూసింది.

"మళ్లా కనపడితే మళ్లా అడుగు మ్మా వాణ్ణి. ఊరికే వదలొద్దు," అని చెప్పి, బుట్ట నెత్తికెత్తుకుని పోయింది.